రెండు కెమెరాలు, రెండు పళ్ళు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగమిచ్చిన ఓనరుకి చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, నాతో ఒకే గదిలో పడుకునే అక్కకి కూడా చెప్పలేదు. నేను ఫోటో స్టూడియోలో చేరింది ఫోటోలంటే ప్రాణమై కాదు. ఫోటో తీసే మనిషి ముఖానికి కెమెరా అడ్డం ఉంటుంది, అందుకు.

కొత్తవాళ్ళు నా ముఖంలోకి చూస్తే నాకు మాట రాదు. డిగ్రీ అయ్యాక ఏం చేయాలా అని ఆలోచిస్తే బట్టల షాపులోనూ, బ్యాంకులోనూ, బడిలోనూ, ఎక్కడికి వెళ్ళినా ముందు ముఖమే పెట్టాలి. ముఖం కనబడకుండా జీతమిచ్చే పనులు నాకు రెండే తోచాయి. ఒకటి వెల్డింగు, రెండోది ఫోటోగ్రఫీ. వెల్డింగుకి అమ్మ ఒప్పుకోలేదు.

ఆ ఉద్యోగం నుంచి నేను రిటైరయ్యాను. రిటైర్మెంటు అంటే నెరిసిన జుట్టు, శాలువా, దండ, మైకులో నాలుగు అబద్ధాలు ఉండాలి కదా అనుకోకండి. అవేమీ లేకుండా కూడా అవుతారు. ఇప్పుడు ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతున్నాను. పుస్తకాలు మన ముఖంలోకి చూడవు, మనమే వాటి ముఖంలోకి చూడాలి. ఆ ఏర్పాటు నాకు బాగా కుదిరింది. కానీ అక్కడికి వచ్చే అమ్మాయిలు, నేను ఒకప్పుడు స్టూడియోలో పని చేశానని ఎలాగో తెలుసుకుని, అలమార పక్కన నిలబడి గుసగుసగా ఒకటే ప్రశ్న వేస్తారు: “అక్కా, మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కోవాలా, పాత కాంపాక్ట్ కెమెరా వెతుక్కోవాలా?”

వాళ్ళకి నోటితో చెప్పలేక ఇది రాస్తున్నాను.

మా స్టూడియో శ్రీకాకుళంలో ఒక మెడికల్ షాపు మీద ఉండేది. ముగ్గురమే. ఓనరు, ఆయన్ని సార్ అనేవాళ్ళం. కంప్యూటరు ముందు నుంచి లేవని డిజైనరు అన్న. పెళ్ళి ఆల్బమ్‌లు, పుట్టినరోజు బ్యానర్లు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు అన్నీ ఆయన చేతి మీదే పుట్టేవి. ఇక నేను.

మిర్రర్‌లెస్ వచ్చిన రోజు సార్ దానికి బొట్టు పెట్టారు. స్టాండు మూడు కాళ్ళ కింద మూడు నిమ్మకాయలు పెట్టి, స్టాండుని ఒత్తి చిదిమారు. కొత్త బండికి చేసినట్టే. కొబ్బరికాయ కొట్టినప్పుడు నీళ్ళు లెన్సు మీద పడబోతే డిజైనరు అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ కెమెరాకి అన్న చేసిన మేలు అదొక్కటే.

“ఇందులో అద్దముండదు, తెలుసా అమ్మాయ్?” అన్నారు సార్, ఆ అద్దాన్ని తనే స్వయంగా పీకి పారేసినంత గర్వంగా.

“అద్దం లేకపోతే ఏటి లాభం సార్?” అని డిజైనరు అన్న అడిగాడు.

సార్ కాసేపు ఆలోచించి, “అద్దముండదు,” అని ఇంకోసారి చెప్పారు.

నాకు మాత్రం లాభం మొదటి రోజే తెలిసింది. దానికి కన్ను పెట్టి చూసే గూడు ఉంది. ముందు లావుపాటి లెన్సు. దాన్ని ఎత్తితే నా ముఖం సగానికి పైగా మాయమయ్యేది. మిగిలిన సగాన్ని చేతులు కప్పేసేవి. అంతకంటే గొప్ప కెమెరా ఈ లోకంలో తయారవదని అనుకున్నాను.

కాంపాక్ట్ ఒకటి సొరుగులో ఉండేది. సార్ కొత్తగా షాపు పెట్టినప్పుడు కొన్నది. సబ్బు పెట్టెంత ఉంటుంది. బ్యాటరీ తలుపు ఊడిపోతే రబ్బరు బ్యాండు చుట్టారు. ఆ తలుపు కాస్త కదిలితే చాలు, కెమెరా జ్ఞాపకం పోయి, తేదీ కంపెనీలో పుట్టిన నాటికి వెళ్ళిపోయేది. తీసిన ప్రతి ఫోటో మూలా ఆ పాత తేదీ ఎర్రటి అంకెల్లో పడేది. సరిచేయడం మాకెవరికీ చేతకాలేదు. కన్ను పెట్టే గూడు దానికి లేదు. వెనక చిన్న తెర చూసుకుంటూ, చేతులు చాచి, ముఖం బయట పెట్టుకుని తీయాలి. అందుకే ఆ సొరుగు నేను ఎప్పుడూ తెరవలేదు.

ఇప్పుడు ఆ పాత డబ్బాల కోసమే కాలేజీ పిల్లలు అటకలు వెతుకుతున్నారట. మసకగా, ఫ్లాష్ కొట్టినట్టు ఫోటోలు రావడం ఫ్యాషనట. మా రోజుల్లో అలా వస్తే కస్టమర్లు తిట్టేవాళ్ళు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఊళ్ళో ఒక బట్టల షావుకారు కొత్త అంతస్తు తెరుస్తూ, మెట్ల గోడ నిండా పొందూరు నూలు వడికే మనిషి ఫోటో కావాలన్నాడు. ఆయన అమ్మేది ఎక్కువగా సూరత్ చీరలే, కానీ గోడ మీద ఖద్దరు ఉంటే గౌరవంగా ఉంటుంది. “దూది పోగు పోగూ కనబడాల, సెయ్యి కనబడాల, రాట్నం కనబడాల, ఒక వీడియో కూడా గావాల,” అన్నాడు. సార్ మిర్రర్‌లెస్‌ని ఒడిలో పెట్టుకుని నన్ను కారెక్కించారు. బ్యాకప్ ఉండాలని కాంపాక్ట్‌ని కూడా సంచిలో పడేశారు. బ్యాకప్ అనే మాట ఆయనకి చాలా ఇష్టం.

పొందూరులో మాకు చూపించిన ఇంట్లో ఒక మామ్మ ఉంది. గోడకి ఆనుకుని రాట్నం. చుట్టూ దూది. ఆమె చేతిలో వాలుగ చేప దవడ ఎముక. అక్కడ దూదిని ఇప్పటికీ దాంతోనే దువ్వుతారు, ఆ చేప పళ్ళు అంత సన్నంగా, వరసగా ఉంటాయి. దూది ఎగిరిపోతుందని ఆ గదిలో ఫ్యాను వేయరు, కిటికీ తీయరు. సార్ లోపలికి అడుగు పెట్టగానే రుమాలు తీసి చెమట తుడుచుకున్నారు.

మామ్మ నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

“ఏటే గుంటా, మాటాడవేటి? మూగదానివేటి?”

“దానికి సిగ్గెక్కువ మామ్మా,” అన్నారు సార్.

“సిగ్గుపడీదాన్ని పొటోలు తీయడానికి తెచ్చీవేటి నాయనా?”

సార్ నవ్వి కెమెరా బయటికి తీశారు. “ఇది మామూలుది కాదు మామ్మా. అద్దం లేని కెమెరా.”

“అద్దం లేకపోతే మొకమెలగ కనపడతాది?”

మామ్మ ఒక చిటికెడు దూదిని చేప పళ్ళ మీద రెండుసార్లు లాగి, తన షరతు చెప్పింది.

“మీకు గావలసింది మీరు తీసుకోండి. నాకొక పొటో గావాల. మంచిది.”

“ఎందుకు మామ్మా?”

“ప్లెక్సీకి.”

“ఎవరి ఫ్లెక్సీ?”

“నాదే. సచ్చిపోయాక కట్టీది.”

“అప్పుడే ఏటి తొందర మామ్మా?”

“సచ్చిపోయాక వొచ్చి తీయగలవేటి నువ్వు?”

ఆమె మూలకి చెయ్యి చూపించింది. దూది బస్తాల మీద ఒక పాత ఫ్లెక్సీ కప్పి ఉంది. దాని మీద బస్తాల మడతల్లో వంకరపోయిన ఒక ముసలాయన ముఖం. బిగుసుకున్న మూతి, బెదిరిన కళ్ళు.

“మా ముసిలోడు. పోయినప్పుడు ఇంట్లో ఒక్క పొటో లేదు. ఆధారు కార్డులోది పెద్దది సేసీసి బస్టాండు కాడ కట్టీసినారు. దొంగతనం సేసి దొరికిపోయినోడిలాగ ఉన్నాడు. నానెదర నిలబడితే నన్నే ఎరగనట్టు సూస్తన్నాడు. అరవై ఏళ్ళు కాపరం సేసినాను నానాడితో. ఆడెప్పుడూ అలగ లేడు.” చేప దవడతో ఆ ముఖాన్ని చూపించి అంది, “నాకలగొద్దు.”

డిజైనరు అన్న ఇలాంటి ఆధార్ ముఖాలని రోజుకెన్నింటిని పెద్దవి చేసి, వెనకాల మేఘాలు పెట్టి, పావురం ఎగరేసి పంపేవాడో నాకు తెలుసు. నేను తల దించుకున్నాను.

“ఇంకోటి సూడు,” అని మామ్మ నోరు తెరిచింది. ముందు రెండే పళ్ళు. “ఈ రెండూ కూడా లచ్చివారం పీకీస్తాడంట డాక్టరు. పళ్ళ సెట్టు ఏస్తాడంట. సెట్టు ఏసినాక ఆ మొకం ఎవరిదో. ఇవి ఉండగానే తీయ్. మా ఇంట్లో పళ్ళున్నది ఇప్పుడు ఈ సేపకే.”

మేము వెళ్ళింది మంగళవారం. లచ్చివారమంటే గురువారం, మధ్యలో ఒక్కరోజే.

సార్ పని మొదలుపెట్టారు. గది మొత్తం పట్టడానికి వెడల్పు లెన్సు, ముఖానికి ఇంకో లెన్సు. లెన్సు మార్చేముందు నాకు పాఠం చెప్పారు: “ఇది గాలి లేని సోట మార్చాల అమ్మాయ్. గాలుంటే దుమ్ము లోపలికెళ్ళిపోతాది. ఇక్కడ సూడు, ఫ్యాను కూడా లేదు. ఇంతకంటే మంచి సోటు జిల్లాలో దొరకదు.” అద్దం లేని ఆ కెమెరా లెన్సు తీయగానే లోపల ఫోటో పడే గాజుపలక నేరుగా బయటపడింది. సార్ దాన్ని పైకప్పు వైపు పట్టుకుని, రెండో లెన్సు మూత రాక, చాలాసేపు తిప్పారు. చుట్టూ దూది ఆనందంగా తేలుతోంది. తరవాత నాకు కెమెరా అప్పగించి, షావుకారుతో ఫోనులో మాట్లాడుతూ టీకి వెళ్ళిపోయారు.

నేను గూట్లో కన్ను పెట్టి ముఖం దాచుకున్నాను. స్టాండు కదపకుండా తీస్తూ పోయాను. మామ్మ నోరు బిగించింది. కళ్ళు పెద్దవి చేసింది. చేతిలో చేప దవడ గట్టిగా పట్టుకుంది. అచ్చంగా మూలనున్న ఫ్లెక్సీలా అయిపోయింది. ‘కాస్త నవ్వండి మామ్మా’ అనాలి. అది అనడానికి గొంతులోంచి మాట రావాలి. రాలేదు. ఇంకో పది తీశాను. పదీ ఆధారే.

తరవాత వీడియో పెట్టాను. రాట్నం తిరుగుతోంది, నూలు వస్తోంది, మామ్మ కొయ్యలా కూర్చుని ఉంది. ఇంతలో కెమెరా తెర మీద వేడెక్కానని గుర్తు చూపించి, తనంతట తనే ఆరిపోయింది. నొక్కాను. రాలేదు. ఊదాను. మామ్మ రాట్నం ఆపింది.

“ఏటైనాది?”

“వేడెక్కిపోయింది మామ్మా,” అన్నాను. ఆమెతో నేనన్న మొదటి మాట అదే.

“అంత పెద్దదానికి సెమట్లు పట్టీసినాయేటి? నానీ గదిలో కాపరానికొచ్చినకాడి నుంచీ ఉన్నాను, నాకేటవనేదు.”

చేతులు ఊరుకోక సంచిలోంచి కాంపాక్ట్ తీశాను. రబ్బరు బ్యాండు సర్ది, స్విచ్చి నొక్కి, చేతులు చాచి ముందుకి పట్టుకున్నాను. అప్పుడు గమనించాను, నా ముఖానికి అడ్డం ఏమీ లేదు. మామ్మ తిన్నగా నా ముఖంలోకి చూస్తోంది. నా చెవులు కాలుతున్నాయి.

“ఓలమ్మ!” అంది మామ్మ. “నీకూ మొకమున్నాదేటే!”

అని, చేప దవడ పైకెత్తి నన్ను కొట్టబోతున్నట్టు ఊపి, పగలబడి నవ్వింది. నేను నొక్కేశాను. ఫ్లాష్ కొట్టింది. ఇంకో రెండు తీశాను గానీ వాటిలో ఆమె కళ్ళు నలుపుకుంటోంది.

మర్నాడు స్టూడియోలో డిజైనరు అన్న ఫోటోలు తెరిచి అరిచాడు. “సెల్లీ, మామ్మకి మీసమొచ్చిందే!”

నిజమే. మిర్రర్‌లెస్‌తో తీసిన మామ్మ ముఖం ఫోటోలన్నిటిలోనూ పై పెదవి మీద సన్నగా, మెలి తిరిగి, నల్లని మీసం. నుదుటి మీద ఇంకో వెంట్రుక. చిన్న తెర మీద కనబడలేదు గానీ పెద్ద తెర మీద దర్జాగా ఉంది.

“కెమెరాలో లోపముండదు,” అన్నారు సార్. “ఫుల్ ఫ్రేము అది, పెద్ద రకం. ముసల్దానికి నిజంగా ఉన్నాదేమో సూడు.”

“కొన్నిట్లో రాట్నానికి కూడా ఉన్నాది సార్.”

కెమెరా తెరిచి చూస్తే లోపలి గాజు మీద దూది పోగులు కాపురం పెట్టి ఉన్నాయి. గాలి లేని చోటు గురించి సార్ ఆ రోజు మళ్ళీ పాఠం చెప్పలేదు. షావుకారు పని మాత్రం గట్టెక్కింది. ముఖం కోసేసి చేతులు, దూది, చేప దవడ వరకే గోడకెక్కించారు. ఆయన చాలా సంతోషించాడు. ముఖం లేకపోతేనే బాగుందన్నాడు.

మామ్మ ముఖం మిగిలింది. అన్న మీసం తీశాడు. మీసంతో పాటు ముడతలూ పోయాయి. అలవాటైన చేయి కదా, ఆగలేదు. తరవాత మూతి బిగిసి ఉందని, నవ్వని వాళ్ళని నవ్వించే యాప్ ఒకటి కొత్తగా దింపాడు, అందులో పెట్టాడు. రెండు నిమిషాల్లో మామ్మ నవ్వింది. తెల్లగా, వరసగా, నోటి నిండా పళ్ళు. పేస్టు ప్రకటనలో అత్తగారిలా ఉంది. వెనక మేఘాలు వచ్చాయి. పావురం కోసం అన్న వెతుకుతున్నాడు.

“ఇదీ ఫోటో అంటే,” అన్నారు సార్. “ప్రింటు కొట్టించి పంపించీండి.”

రేపు లక్ష్మివారం. మామ్మ పళ్ళు రేపటితో సరి. మళ్ళీ వెళ్ళి తీయడానికి ఆ ముఖం ఉండదు. తెర మీది ఈ మనిషి ఎవరో బస్టాండు దగ్గర వేలాడుతూ, తనని తానే ఎరగనట్టు చూస్తుంది.

“ఆ పళ్ళు మామ్మవి కావు సార్,” అన్నాను.

సార్ వెనక్కి తిరిగి ఎవరన్నారో అని చూశారు. గదిలో ముగ్గురమే ఉన్నాం, అయినా తలుపు వైపు కూడా ఒకసారి చూశారు.

“ఏటన్నావు?”

“మామ్మకి రెండే పళ్ళు. అవి చిన్న కెమెరాలో ఉన్నాయి.”

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. కాంపాక్ట్ కార్డు తీసి అన్నకిచ్చాను. తెర మీద మామ్మ వచ్చింది. ఫ్లాష్ వెలుగుకి చెంపలు మెరుస్తున్నాయి, వెనక గోడ మీద పెద్ద నీడ, జుట్టులో దూది, ఎత్తిన చేతిలో చేప దవడ, తెరిచిన నోట్లో రెండంటే రెండు పళ్ళు. మూల ఎర్ర అంకెలు.

అన్న మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. ఏమీ బాగు చేయలేదు. నాకు తెలిసి ఆయన జీవితంలో అదొక్కసారే.

“దేనికోసం ఇది, శ్రద్ధాంజలికా?” అన్నారు సార్. “సచ్చిపోయినోళ్ళు ఇలగ నవ్వుతారేటి? ఈ డబ్బాతో తీసిందిస్తే స్టూడియో పరువేటవ్వాల?”

“ఆమె అడిగింది ఇదే సార్.”

ఆయన నా ముఖంలోకి చూశారు. నేను తల దించుకోలేదు, ఎందుకంటే దించుకోవడం మరిచిపోయాను. చివరికి డిజైనరు అన్నతో అన్నారు: “మాటాడతాదే! ఇన్నాళ్ళూ మాటాడదనుకున్నాను.” తరవాత నాతో, “నీ ఇష్టమమ్మా. దాని మీద స్టూడియో పేరు మాత్రం ఎయ్యకండి.”

అలా, స్టూడియో పేరు లేని ఫోటో నేను తీసినవాటిలో అదొక్కటే. ఆ తరవాత ఎంతో కాలం నేను అక్కడ ఉండలేదు. మాట్లాడతానని తెలిశాక సార్ నన్ను కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు, కస్టమర్లతో మాట్లాడమని. నా రిటైర్మెంటుకి కారణం అదే.

ఇంతకీ ఏ కెమెరా కొనాలో చెప్పలేదంటారా? మిర్రర్‌లెస్ గొప్పది. ఫోకస్ దానంతటదే వెతుక్కుంటుంది, చీకట్లో కూడా చూస్తుంది, వెనక మనం ఉన్న సంగతి ఎవరికీ తెలియనివ్వదు. కాంపాక్ట్ అవేమీ చేయదు. అది పట్టుకుంటే ఎదుటివాళ్ళకి మనం కనబడతాం. మీకు అభ్యంతరం లేకపోతే కొనుక్కోండి. దూది దగ్గర లెన్సు మాత్రం విప్పకండి.

ప్రింటు నేనే పట్టుకెళ్ళాను, బస్సులో. మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పళ్ళు పోయి బుగ్గలు లోపలికి పోయాయి. సెట్టు ఇంకా రాలేదట. ఫోటో చేతిలో పెట్టుకుని దూరంగా పట్టుకుంది, దగ్గరికి తెచ్చుకుంది. కోడలు వెనక నుంచి వంగి చూసి నోరు నొక్కుకుంది.

“ఇదేటత్తా? ఇది కడితే ఊరోళ్ళందరూ నవ్వుతారు.”

“నవ్వనీ. ఏడిసీవోళ్ళు ఎలాగూ ఏడుస్తారు, నువ్వు ఉన్నావు కదా,” అంది మామ్మ ఆమె వైపు చూడకుండానే. ఆమె వేలు ఫోటో మూలకి వెళ్ళింది. “ఈ ఎర్ర అంకెలేటే గుంటా?”

“తేదీ మామ్మా. తప్పు పడింది. ఆ చిన్న కెమెరా అంతే, ఎప్పుడూ పాత తేదీయే వేస్తుంది.”

“ఎంత పాతది?”

చెప్పాను. మామ్మ తలుపు సందులోంచి లోపలి బస్తాల వైపు చూసింది. వాటి మీది ఫ్లెక్సీలో ముసలాయన ఇంకా ఎవరినీ ఎరగనట్టే చూస్తున్నాడు.

“చెరిపేసి మళ్ళీ తెస్తాను మామ్మా. చిన్న పనే. ఇలా ఇవ్వండి,” అని చెయ్యి చాచాను.

ఆమె ఇవ్వలేదు. ఫోటోని కొంగు కింద పెట్టుకుంది. తరవాత నేను ఆ ఊరు వెళ్ళలేదు. ఆ ఫ్లెక్సీ కట్టే అవసరం ఇంకా రాలేదని విన్నాను, రాకపోతేనే మంచిది. ఆ రోజు బస్సుకి టైమవుతోందని నేను లేచినప్పుడు ఆమె నాతో అన్న చివరి మాట ఇది:

“ఉండనీవే. అప్పుటికి మా ముసిలోడు బతికే ఉన్నాడు. అందుకే అలగ నవ్వతన్నాననుకుంటారు.”